ఆస్తి ఎవరి పేర రాయాలి? దివ్యాంగుడైన బిడ్డ పింఛను పోకుండా అయిదు దారుల పోలిక

"వాడి పేర పొలం రాస్తే పింఛను పోతుందట." ఈ ఒక్క మాట పట్టుకుని చాలా ఇళ్లలో బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు సెంటు భూమి కూడా రాయకుండా అంతా అన్నదమ్ముల పేర పెట్టేస్తున్నారు. ఆ మాటలో సగమే నిజం. కొన్ని పింఛన్లు ఇంట్లో అందరి ఆస్తీ చూస్తాయి, కొన్ని బిడ్డ సొంత ఆదాయమే చూస్తాయి, ఒకటైతే రెండూ చూడదు. మీ బిడ్డకు వచ్చేది, లేదా మీ తర్వాత రావాల్సింది వీటిలో ఏదో తేలాకే దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లాలి.

చట్టం సంగతి ముందు చెప్పుకుందాం. జబ్బు ఉందనో, అంగవైకల్యం ఉందనో ఎవరికీ వారసత్వ హక్కు పోదని 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్‌లోనూ ఆస్తి హక్కు స్పష్టంగా ఉంది. తండ్రి వీలునామా లేకుండా పోతే దివ్యాంగుడైన కొడుక్కి మిగతా పిల్లలతో, తల్లితో సమాన వాటా వస్తుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అతని పేరు వదిలేసి మ్యుటేషన్ చేయించుకున్నా ఆ వాటా చెరిగిపోదు. ఎప్పుడో అమ్మకం వేళ బయటపడి అందరికీ అడ్డం తిరుగుతుంది.

ఏ పింఛను దేన్ని చూస్తుంది

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు రూ.6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తున్నారు. ఇది ఇంటిని చూసే పింఛను. సచివాలయం సిబ్బంది 'సిక్స్ స్టెప్ వాలిడేషన్' అనేది దీన్నే. కుటుంబ ఆదాయం గ్రామంలో నెలకు రూ.10,000, పట్టణంలో రూ.12,000 మించకూడదు. భూమి మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. ట్యాక్సీ, ట్రాక్టరు, ఆటో కాకుండా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. పట్టణాల్లో సొంత ఇంటి విస్తీర్ణం మీదా పరిమితి ఉంది.

తెలంగాణలో దివ్యాంగుల పింఛను రూ.4,016. మాగాణి 3 ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు దాటితే, ప్రభుత్వ పింఛను వస్తుంటే, కారో లారీయో ఉంటే అనర్హత.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కుటుంబ పింఛను తీరే వేరు. ఇది ఇంటిని చూడదు, బిడ్డకు సొంతంగా ఎంత వస్తోందో చూస్తుంది. వైకల్యం వల్ల సంపాదించుకోలేని కొడుకు, కూతురు జీవితాంతం దీనికి అర్హులు. 2012 తర్వాత వచ్చిన మార్పుతో పెళ్లయినా ఆగదు. 2021 ఫిబ్రవరి నుంచి ఆదాయ పరిమితి లెక్క ఇది: కుటుంబ పింఛను కాకుండా వచ్చే మొత్తం ఆదాయం, ఉద్యోగి చివరి జీతంలో 30 శాతానికి దానిపై కరువు భృతి కలిపిన మొత్తం కంటే తక్కువ ఉండాలి.

ప్రైవేటు ఉద్యోగులకు ఈపీఎఫ్‌వో (భవిష్యనిధి సంస్థ) నడిపే ఈపీఎస్-95 పింఛను పథకంలో సభ్యుడు చనిపోతే శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న సంతానానికి వయసుతో నిమిత్తం లేకుండా పింఛను వస్తుంది. దీనికి ఆస్తి, ఆదాయం అడ్డం కావు. మొత్తం చిన్నదే, కానీ ఇది ఉందని తెలియక వదిలేస్తున్న ఇళ్లు తక్కువేం కాదు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనలు కేంద్రానివి కావు, కాబట్టి ఆదాయ పరిమితిని ఖజానా కార్యాలయంలో విడిగా అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరి సీపీఎస్‌లో (ఉద్యోగి, ప్రభుత్వం వాటాలు కట్టే పింఛను పద్ధతి) ఉన్నవారు ఇంకా జాగ్రత్తపడాలి. రిటైరయ్యాక వారి బిడ్డకు పాత పద్ధతి కుటుంబ పింఛను రాదు. ఏ యాన్యుటీ (కట్టిన సొమ్ము మీద నెలనెలా వచ్చే రాబడి) ఎంచుకున్నారన్నదే మిగులుతుంది.

పింఛను విలువ ఎంత? లెక్క వేసి చూడండి

నెలకు రూ.6,000 అంటే ఏడాదికి రూ.72,000. 7 శాతం వడ్డీ మీద అంత రావాలంటే బ్యాంకులో దాదాపు రూ.10.3 లక్షలు ఉండాలి. తెలంగాణ పింఛనుకు ఆ అంకె రూ.6.9 లక్షలు. అంటే, బిడ్డ వాటాకు వచ్చేది రూ.40 లక్షల పొలం అయితే, పింఛను కాపాడటం కోసం ఆ పొలం అతనికి దక్కకుండా చేయడం తెలివైన పని కాదు. ఆ వాటా రెండు మూడు లక్షల మెట్ట చెలకే అయితే లెక్క తిరగబడుతుంది.

కుటుంబ పింఛనుది వేరే లెక్క. చివరి జీతం రూ.60,000 అనుకోండి. 30 శాతం రూ.18,000. కరువు భృతి 50 శాతం అనుకుంటే మొత్తం రూ.27,000. ఇదే బిడ్డ ఆదాయానికి గీత. అతని పేర రూ.40 లక్షల డిపాజిట్ 7 శాతానికి ఉంటే నెలకు రూ.23,333 వడ్డీ వస్తుంది, గీత దాటలేదు. అదే బిడ్డకు రూ.8,000 అద్దె వచ్చే పోర్షన్ కూడా రాశారనుకోండి, మొత్తం రూ.31,333. గీత దాటింది. దాటినంత మేర కోత పడటం కాదు, అర్హతే పోతుంది. రూ.8,000 అద్దె తెచ్చిపెట్టి రూ.27,000 పింఛను పోగొట్టినట్టు. కేంద్ర ఉద్యోగుల ఇళ్లలో అసలు జాగ్రత్త కావాల్సింది ఇక్కడ.

అయిదు దారులు

*ఒకటి: నేరుగా బిడ్డ పేర రాయడం*

చూపు, వినికిడి, కాళ్లూచేతుల వైకల్యం ఉండి, సొంతంగా నిర్ణయం తీసుకోగల బిడ్డకు ఇదే సరైనది. మిగతావన్నీ అతని చేతులు కట్టేసేవే. దయతోనైనా సరే, అలా కట్టేయకూడదు.

బుద్ధిమాంద్యం, తీవ్రమైన ఆటిజం ఉన్న బిడ్డ విషయంలో చిక్కు హక్కుది కాదు, సంతకానిది. ఒప్పందం ఏమిటో అర్థం చేసుకోలేని మనిషి చేసే ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. కౌలు పత్రం రాయలేరు, అద్దె ఒప్పందం చేయలేరు, డిపాజిట్ మార్చలేరు. తోబుట్టువులు అతని వేలిముద్ర వేయించుకున్న హక్కు విడుదల దస్తావేజూ నిలబడదు. దీనికి మందు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడి నియామకం. కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక స్థాయి కమిటీ ఇస్తుంది. సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో లెక్కలు కమిటీకి ఇవ్వాలి. ఈ చట్టం వర్తించేది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు మాత్రమే. స్కిజోఫ్రేనియా లాంటి మానసిక వ్యాధికి ఈ కమిటీ సంరక్షకుడిని ఇవ్వదు, కోర్టు మెట్లెక్కాలి. అందుకే ఆ ఇళ్లలో నేరుగా రాయడం కన్నా నాలుగో దారి (ట్రస్టు) మేలు.

*రెండు: అన్నకో చెల్లికో రాసి "వాడిని చూసుకో" అనడం*

ఎక్కువమంది పట్టే దారి ఇదే, ఎక్కువ చెడేదీ ఇదే. కారణం తోబుట్టువుల దుర్మార్గం కానక్కర్లేదు. అన్న మంచివాడే, అతనే ముందు పోతే? ఆస్తి అతని భార్యకు, పిల్లలకు, తల్లి ఉంటే ఆమెకు వెళ్తుంది. బాబాయిని పోషించాలన్న షరతు కాగితం మీద లేకపోతే వాళ్లను ఏ కోర్టూ నిలదీయదు. అన్న వ్యాపారం దెబ్బతింటే అప్పులవాళ్లు జప్తు చేసేది అదే పొలం.

"చూడకపోతే రాసిచ్చింది రద్దు చేయించుకోవచ్చు కదా" అంటారు. 2007 వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ అలా రద్దు చేయించుకునే వీలిచ్చింది మీ సొంత పోషణ కోసం, అదీ ఆ షరతు మీద ఆస్తి రాసిచ్చినప్పుడు. మీరు పోయాక మీ బిడ్డను చూడటం లేదని దాన్ని వాడుకోలేరు.

అసలు వింత ఇంకొకటి. రాష్ట్ర పింఛను కాపాడటానికే ఇలా రాశామంటారు. కానీ బిడ్డ అన్న ఇంట్లోనే, అదే రైస్ కార్డులో ఉంటే అన్న ఆస్తి కూడా ఆ కుటుంబ లెక్కలోకే వస్తుంది. అన్న ఏసీ వల్ల ఇంటి సగటు వాడకం నెలకు 340 యూనిట్లకు చేరితే, అన్న రిటర్ను వేసి పన్ను కడితే, వదినకు ప్రభుత్వ ఉద్యోగం వస్తే, ఆస్తి ఎవరి పేర ఉన్నా పింఛను ఆగుతుంది. రాయితీ వస్తుందని అన్న కారును తమ్ముడి పేర కొనడమూ ఇలాంటిదే.

ఈ దారే పట్టాలంటే వీలునామాలో ఆ ఆస్తి మీద భారం పెట్టండి: "ఈ ఇంటి ఆదాయం నుంచి నెలకు ఇంత, ఏటా ఇంత శాతం పెంచుతూ, ఫలానా వారి జీవితాంతం చెల్లించాలి, ఈ బాధ్యత ఆస్తితో పాటే వెళ్తుంది." ఈ ఒక్క వాక్యం ఉన్న వీలునామాకూ లేనిదానికీ చాలా తేడా ఉంది.

*మూడు: బిడ్డకు జీవితకాల అనుభవం, తర్వాత తోబుట్టువులకు*

ఇల్లు ఒక్కటే ఆస్తి అయితే బాగుంటుంది. బిడ్డను ఎవరూ వెళ్లగొట్టలేరు, అతను అమ్మలేడు, అతని తర్వాత ఎటు వెళ్లాలో మీరే రాసినట్టు. కానీ కూతురి విషయంలో ఒక మెలిక ఉంది. వడ్డెబోయిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు, పోషణ హక్కుకు బదులుగా స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు హిందూ వారసత్వ చట్టం 14(1) సెక్షన్ కింద సంపూర్ణ హక్కు అవుతుందని తేల్చింది. ఆ కేసు వితంతువుది. అయితే తనను తాను పోషించుకోలేని అవివాహిత కూతురికీ తండ్రి మీద పోషణ హక్కు ఉంది. "ఆమె పోషణార్థం" అని అలవాటుగా రాసేసే ఒక్క ముక్క మీద రేపు దావా నడవొచ్చు. ఈ వాక్యం లేఖరి చేత కాక వకీలు చేత రాయించండి. ఇక అద్దె వస్తే అది బిడ్డ ఆదాయమే, పైన చెప్పిన గీత లెక్కలోకి వస్తుంది.

*నాలుగు: ప్రైవేటు ట్రస్టు*

1882 ట్రస్టుల చట్టం కింద ఆస్తి ట్రస్టీల పేర ఉంటుంది, ఫలం బిడ్డకు. రెండు రకాలు. బిడ్డకు ఇంత అని తేల్చి రాస్తే ఆ ఆదాయం అతనిదే, పన్నూ అతని శ్లాబులోనే. ఎంత ఇవ్వాలో ట్రస్టీల ఇష్టానికి వదిలితే మామూలుగా గరిష్ఠ రేటు పన్ను పడుతుంది. అయితే ఆ ట్రస్టు వీలునామా ద్వారా ఏర్పడి, ఆ వీలునామా రాసినవారు అలా పెట్టింది అదొక్కటే అయితే ఆ గరిష్ఠ రేటు నుంచి మినహాయింపు ఉంది.

అందుకే మధ్యతరగతి ఇంటికి బతికుండగా ట్రస్టు పెట్టడం కన్నా వీలునామాలోనే ట్రస్టు రాయడం నయం. ఇప్పుడు స్టాంపు డ్యూటీ లేదు, ఏటా రిటర్ను బాధ లేదు, మనసు మారితే వీలునామా మార్చుకోవచ్చు. బతికుండగా స్థిరాస్తితో పెడితే దస్తావేజు రిజిస్టరు చేయాలి, పాన్, బ్యాంకు ఖాతా, ఆడిటరు ఖర్చు అప్పటి నుంచే మొదలు.

ట్రస్టులు ఎక్కడ బోల్తా పడతాయంటే, ట్రస్టీ ఒక్కడే ఉండటం, అతను పోతే ఎవరో రాయకపోవడం, బిడ్డ తర్వాత మిగిలింది ఆ ట్రస్టీకే అని రాయడం. మూడోది మరీ ప్రమాదం. ఖర్చు తగ్గిస్తే తనకే మిగులుతుందన్న మనిషి చేతిలో ఖర్చు పెట్టే అధికారం పెట్టినట్టు. కనీసం ఇద్దరు ట్రస్టీలు, వారిలో ఒకరు ఆస్తి మిగిలే వరసలో లేనివారు కావాలి. ట్రస్టులో పొలం కన్నా డిపాజిట్లు, అద్దె ఇల్లు మేలు. సంస్థల పేర ఉన్న భూమికి ఏటా రూ.6,000 పీఎం కిసాన్ కూడా రాదు.

*అయిదు: బీమా, యాన్యుటీ*

చేతిలో ఆస్తి లేనివారికి ఇదే దారి. పెళ్లయిన మగవారు 1874 వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేర పాలసీ తీసుకుంటే ఆ సొమ్ము ట్రస్టు సొమ్ముగా నిలుస్తుంది, అప్పులవాళ్లు ముట్టుకోలేరు, ట్రస్టీ పేరూ పాలసీలోనే పెట్టవచ్చు. ప్రపోజల్ ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పాలి. బిడ్డ కోసం కట్టే ప్రత్యేక యాన్యుటీకి పాత పన్ను విధానంలో ఆదాయపు పన్ను మినహాయింపు రూ.75,000, వైకల్యం 80 శాతం, అంతకు మించి ఉంటే రూ.1,25,000. తల్లిదండ్రులు పోయాకే సొమ్ము రావాలన్న పాత షరతు 2022లో సడలింది. కట్టడం ఆపేసి, కట్టినవారికి 60 ఏళ్లు నిండితే బతికుండగానే యాన్యుటీ మొదలుపెట్టవచ్చు. నెలనెలా వచ్చే యాన్యుటీ కూడా బిడ్డ ఆదాయమేనని మరవద్దు.

ఒక హెచ్చరిక: బ్యాంకు డిపాజిట్‌కు నామినీ అంటే యజమాని కాదు, వారసుల తరఫున తీసుకునే మనిషి. "నామినీ పెట్టాం కదా" అని వీలునామా మానేయకండి.

| దారి | రాష్ట్ర పింఛను | కేంద్ర కుటుంబ పింఛను | సంతకం ఎవరిది | ఎక్కడ చెడుతుంది |
|---|---|---|---|---|
| నేరుగా బిడ్డకు | భూమి పరిమితి దాటితే పోతుంది | అద్దె, వడ్డీ గీత దాటితే పోతుంది | బిడ్డ లేదా సంరక్షకుడు | సంరక్షకుడు లేక ఆస్తి స్తంభించడం |
| తోబుట్టువుకు | ఒకే కార్డులో ఉంటే ఎలాగూ లెక్కలోకే | ఇబ్బంది లేదు | తోబుట్టువు | అతని మరణం, అప్పులు |
| జీవితకాల అనుభవం | ఇంటి లెక్కలోకి రావచ్చు | అద్దె లెక్కలోకి | బిడ్డ లేదా సంరక్షకుడు | కూతురి విషయంలో 14(1) దావా |
| వీలునామా ట్రస్టు | చెల్లించే సొమ్ము ఇంటి ఆదాయంలోకి | తేల్చి రాసిన వాటా మొత్తం లెక్కలోకి | ట్రస్టీలు | ఒక్కడే ట్రస్టీ, స్వార్థం ఉన్న ట్రస్టీ |
| బీమా, యాన్యుటీ | నెల ఆదాయంగా లెక్క | నెల ఆదాయంగా లెక్క | ట్రస్టీ లేదా సంరక్షకుడు | ధరలు పెరిగినా మొత్తం పెరగదు |

ఎవరికి ఏది

మూడు నాలుగు ఎకరాలు, ఇద్దరు పిల్లలు, ఒకరికి బుద్ధిమాంద్యం ఉన్న రైతు ఇంట్లో: సగం భూమి బిడ్డ పేరే రాయండి, తల్లిదండ్రుల తర్వాత సంరక్షకుడు ఎవరో వీలునామాలో పేర్కొనండి. ఒకటిన్నర, రెండెకరాలతో పరిమితి దాటదు. దాటించేది ఉమ్మడి కార్డు. భాగపంపకాలు అయ్యాక అన్న కుటుంబం నిజంగా విడిగా ఉంటుంటే కార్డు కూడా విడిపోవాలి. కాగితం మీద మాత్రమే విడిపోతే తనిఖీలో దొరుకుతుంది.

కేంద్ర ఉద్యోగో, రైల్వే ఉద్యోగో అయితే: కుటుంబ పింఛనే బిడ్డకు అతి పెద్ద ఆస్తి. పై ఉదాహరణలో అది రూ.46 లక్షల డిపాజిట్‌తో సమానం, పైగా కరువు భృతితో పెరుగుతుంది. కాబట్టి బిడ్డకు నివసించే ఇల్లు రాయండి, అద్దె తెచ్చే ఇల్లు తోబుట్టువుకు భారంతో రాయండి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగులైతే బిడ్డకు రెండు కుటుంబ పింఛన్లూ వస్తాయి, కలిపి నెలకు రూ.1,25,000 గరిష్ఠం. వరస గుర్తుంచుకోండి: ముందు భార్య లేదా భర్త, తర్వాత 25 ఏళ్ల లోపు పిల్లలు, ఆ తర్వాతే వైకల్యం ఉన్న బిడ్డకు జీవితాంతం.

తోబుట్టువులే లేని ఒక్క బిడ్డ అయితే వీలునామా ట్రస్టు తప్ప నమ్మదగ్గది కనబడదు.

అమెరికాలో మనవడికి ఎస్ఎస్ఐ (తక్కువ ఆదాయం ఉన్న దివ్యాంగులకు అక్కడి ప్రభుత్వమిచ్చే భృతి) వస్తుంటే తాతగారు గుంటూరు పొలం అతని పేర రాయకూడదు. అక్కడ లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటితే ఎస్ఎస్ఐ ఆగుతుంది, దానితో ముడిపడిన మెడికెయిడ్ (ప్రభుత్వ వైద్య సాయం)కూ ఎసరు. వచ్చాక "వద్దు" అని వదులుకున్నా ఆస్తి ఇచ్చేసినట్టే లెక్క, 36 నెలల వరకు అనర్హత పడొచ్చు. మనవడికి 18 నిండితే తల్లిదండ్రుల ఆస్తి అతని లెక్కలోకి రాదు. కాబట్టి అతని తల్లికో తండ్రికో రాయండి, వాళ్లు అక్కడి స్పెషల్ నీడ్స్ ట్రస్టు ద్వారా చూసుకుంటారు. ఎస్ఎస్‌డీఐకి (ఉద్యోగ చందాల మీద వచ్చే వైకల్య బీమా) ఈ ఆస్తి పరిమితి లేదు, ఏది వస్తోందో ముందు ఫోన్ చేసి అడగండి.

బతికుండగానే చేయాల్సిన కాగితాలు

కేంద్ర పింఛనుదారు తన జీవితకాలంలోనే వైకల్యం ఉన్న బిడ్డ పేరు పీపీవోలో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) చేర్పించుకోవచ్చు. పోయాక చేయిద్దామంటే వైకల్యం అప్పటికే ఉందని, సంపాదించుకోలేడని బిడ్డే రుజువు చేసుకోవాలి. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో శాతం మాత్రమే ఉంటే పింఛను కార్యాలయానికి చాలకపోవచ్చు. వైకల్యం వల్ల జీవనోపాధి సంపాదించుకోలేడన్న మాట మెడికల్ బోర్డు కాగితంలో ఉండాలి.

బిడ్డకు 18 నిండిన వెంటనే సంరక్షకుడి దరఖాస్తు పెట్టండి. మైనరుగా ఉన్నంతకాలం నడిచిన బ్యాంకు ఖాతా ఆ పుట్టినరోజు తర్వాత మీ సంతకంతో నడవదు. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి, ఆస్తి దక్కేవారిని సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. అందులో పిత్రార్జితం ఉంటే మీ వాటా మేరకే రాయగలరు, మొత్తం రాస్తే ఆ మేర చెల్లదు.

ఇవన్నీ ఒకే ఫైలులో పెట్టి, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, పీపీవో నకలు, రోజూ వేసే మందుల చీటీ, బిడ్డ ఏ అన్నం తింటాడో, దేనికి భయపడతాడో రాసిన ఒక పేజీ కూడా అందులోనే ఉంచండి. సంరక్షకుడికి మొదటి రాత్రే అక్కరకొచ్చేది ఆ చివరి పేజీ.